పార్కు ఖాళీ చేయించమని రాసే ముందు ఒక రాత్రి లెక్క తీయండి

హనుమకొండలోని ఒక కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి గారు అడిగిన ప్రశ్న ఇది: "మా పార్కులో ఏడాదిగా ముప్పై మంది దాకా బరకాలు కట్టుకొని ఉంటున్నారు. పొద్దున నడకకు వచ్చే ఆడవాళ్లు మానేశారు, పిల్లల ఊయలలకు బట్టలు ఆరేస్తున్నారు, ప్రహరీ వెంబడి ముక్కు మూసుకోవాల్సి వస్తున్నది. మూడుసార్లు ఫిర్యాదు చేస్తే మూడుసార్లూ ఖాళీ చేయించారు, పది రోజులు తిరగకముందే మళ్లీ వచ్చారు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి, అక్కడ సుప్రీంకోర్టే ఇలాంటివారిని తీసేయవచ్చని చెప్పిందంటున్నాడు. మన దగ్గర ఎందుకు కుదరదు? శాశ్వతంగా ఖాళీ చేయించాలంటే ఎవరికి, ఏమని రాయాలి? ప్రతి శనివారం ఎవరో వచ్చి అన్నం పొట్లాలు పంచిపోతున్నారు, కనీసం దాన్నైనా ఆపించవచ్చా?"

కార్యదర్శి గారికి నమస్కారం. ఉత్తర తెలంగాణ పట్టణాల్లో పేదరిక నిర్మూలన పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. నిరాశ్రయుల సర్వేల కోసం టార్చిలైటు పట్టుకొని రైల్వే స్టేషన్ల ముందు, పార్కుల్లో, మూసిన దుకాణాల అరుగుల వెంట చాలా రాత్రులు తిరిగాను. ముందుగా చెప్పవలసింది, మీ విసుగులో తప్పు లేదు. పెరడు లేని ఇళ్ల కాలనీకి పార్కే పెరడు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను డాక్టరు రోజూ నడవమంటే, ఆమెకు ఆ చిన్న బాట తప్ప వేరే చోటు ఉండదు. పేదల తరఫున మాట్లాడేవారిలో కొందరు ఈ సంగతి ఒప్పుకోవడానికి మొహమాటపడతారు, నాకు ఆ మొహమాటం లేదు. అయితే మూడుసార్లు చేసి మూడుసార్లూ నిలవని పనినే, 'శాశ్వతంగా' అన్న మాట ఒకటి చేర్చి నాలుగోసారి చేయమని అడిగితే ఫలితం మారదు. వాళ్లు ఎందుకు తిరిగి వస్తున్నారో తేలనంతవరకు మీరు ఎవరికి రాసినా అది దస్త్రంలో చేరే మరో కాగితమే అవుతుంది.

ఖాళీ చేయించడం దగ్గరి నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి చెప్పనివ్వండి. నేను పనిచేసిన ఒక పట్టణంలో, పేరు ఇక్కడ అవసరం లేదు, తెల్లవారుజామున ఐదింటికి ట్రాక్టరు వచ్చి పార్కు గేటు ముందు ఆగింది. పారిశుద్ధ్య జవాను ఈల ఊదాడు, లేచినవాళ్లు చేతికందింది పట్టుకొని బయటికి నడిచారు, మిగిలిన బరకాలు, బొంతలు, గిన్నెలు, సంచులు అన్నీ ట్రాలీలోకి వెళ్లాయి. అందులో ఒక ఎరువుల సంచి అరవై ఏళ్లు దాటిన ఒక తల్లిది. ఆమె అప్పుడు నల్లా దగ్గర ముఖం కడుక్కుంటున్నది. ఆ సంచి అడుగున, పాలిథిన్ కవరులో మడతపెట్టి రబ్బరు బ్యాండు వేసిన కట్టలో, ఆమె ఆధార్ కార్డు, రేషన్ కార్డు జిరాక్సు, పింఛను పుస్తకం, ఆసుపత్రి చీటీలు ఉన్నాయి. డంపింగ్ యార్డులో నేనూ ఒక జవానూ కలిసి మధ్యాహ్నం దాకా వెతికాం, దొరకలేదు. ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన చేతులు కావడంతో ఆమె వేలి గీతలు అరిగిపోయి ఉన్నాయి, కార్డు కోసం వేలు పెట్టిన ప్రతిసారీ యంత్రం ఒప్పుకోలేదు. చివరికి కంటిపాపతో పని జరిగి, చిరునామాకు పత్రం ఇచ్చేవారు దొరికి, కార్డు చేతికి వచ్చేసరికి ఏడు నెలలు పట్టింది. వృద్ధాశ్రమంవారు ఆధార్ లేనిదే చేర్చుకోమన్నారు కాబట్టి ఆ ఏడు నెలలూ ఆమె అదే పార్కులో పడుకున్నది. ఆమెను చేర్చుకోవడానికి వారు అంతకుముందు వారమే సరేనన్నారు. ఆ తెల్లవారుజామున ట్రాక్టరు రాకపోయి ఉంటే పార్కులో ఒక మనిషి తగ్గేది.

అందువల్ల నా మొదటి సలహా, ఫిర్యాదు రాసే ముందు ఒక రాత్రి లెక్క తీయండి. జనాభా లెక్కలవారు కూడా ఇల్లు లేనివారిని పగలు లెక్కించరు. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి రోడ్ల పక్కన, ఫ్లైఓవర్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద పడుకున్నవారిని లెక్కించారు. ఆ లెక్కలో దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు, వారిలో 9.38 లక్షల మంది పట్టణాల్లోనే ఉన్నారు. మీ పార్కుకు అంత హంగామా అక్కరలేదు, ఇద్దరు ముగ్గురు చాలు, వారిలో ఒకరు మహిళ అయి ఉండాలి. యూనిఫారం ఉన్నవారిని వెంట తీసుకెళ్లకండి, ఫొటోలు తీయకండి, టార్చి ముఖం మీద కాకుండా కాళ్ల వైపు వేయండి. రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి వెళ్లండి, ఎందుకంటే ఆ రెండు గుంపులు ఒకటి కావు. తొమ్మిదింటికి చెట్టు కింద సీసాలు పెట్టుకొని కూర్చున్న కుర్రాళ్లలో ఎక్కువమందికి పక్క వీధుల్లోనే ఇళ్లుంటాయి, పదకొండింటికి బండ్లు తీసి వెళ్లిపోతారు. తెల్లవారి పగిలిన సీసాలు చూసి మీరు తిట్టుకునేది మాత్రం బరకం కింద పడుకున్నవారిని. లెక్కలో మనిషికి ఐదు ప్రశ్నలు చాలు: ఏ ఊరు, ఏం పని, ఎన్నాళ్ల నుంచి ఇక్కడ, ఇంతకుముందు ఎక్కడ పడుకునేవారు, ఎక్కడ చోటిస్తే వెళ్తారు. ఐదో ప్రశ్నకు వచ్చే జవాబుల్లోనే మీ వినతిపత్రం ఉంది.

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన మన నగరంలో ఇలా అడిగితే ఎలాంటి జవాబులు వస్తాయో కొంత ఊహించి చెప్పగలను. ఒంటరి మగవారిలో ఎక్కువమంది కూలీలు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి దిగే నెలల్లో మూటలు మోయడానికి వచ్చినవారు, అడ్డా మీద నిలబడి మేస్త్రీ పిలుపు కోసం చూసేవారు, పెళ్లిళ్ల కాలంలో వంటవాళ్ల వెంట గిన్నెలు కడగడానికి వచ్చినవారు. వీరికి ఊళ్లో ఇల్లుంటుంది, ఇంటికి పంపవలసిన డబ్బులో నుంచి గది అద్దె తీయడం ఇష్టం లేక ఇక్కడ పడుకుంటారు. చెప్పులు తల కింద పెట్టుకొని, తువ్వాలు ముఖం మీద కప్పుకొని, తెల్లవారకముందే లేచి వెళ్లిపోయే ఆ మనిషికి కావలసింది పడక, స్నానాలగది, సంచి పెట్టుకోవడానికి తాళం వేసిన అర. అతన్ని 'బిచ్చగాడు' అని ఫిర్యాదులో రాస్తే మీ కాగితం మొదటి వాక్యంలోనే తప్పుతుంది.

కుటుంబాలతో, పిల్లలతో, నిజంగా బరకాలు కట్టుకొని ఉన్నవారి సంగతి వేరు. వారు చాలావరకు సంచార కులాలవారు, బుడగ జంగాలు, గంగిరెద్దులవారు, పూసలవారు. వీరి తాతలు ఊరి బయట మర్రిచెట్టు కింద, సంత జరిగే మైదానంలో, చెరువు శిఖంలో నెల రోజులు గుడారం వేసుకొని, పక్క ఊరికి సాగిపోయేవారు. ఎవరూ అభ్యంతరం చెప్పేవారు కాదు, ఎందుకంటే ఆ చోటు ఎవరికీ పనికొచ్చేది కాదు. ఇప్పుడు ఆ సంత మైదానం వెంచరైంది, శిఖంలో ప్లాట్లకు హద్దురాళ్లు పాతారు, ఖాళీగా ఉన్న సర్కారు జాగా అంటే నగరంలో మిగిలింది పార్కు, స్టేడియం గోడ, రైల్వే కట్ట. ఈ మార్పు జరిగిన తీరు చూస్తే, వారు మీ పార్కులోకి చొరబడ్డారనడం కంటే వారి విడిది చోట్లన్నీ పోగా మీ పార్కు మిగిలిందనడం సరిగ్గా ఉంటుంది. పార్కు వారిదని నేననడం లేదు. విడిది చేసుకోవడానికి నగరం అంచున ఒక చోటు, అక్కడ ఒక నల్లా, రెండు మరుగుదొడ్లు చూపించనిదే ఈ కుటుంబాలు కదలవని మాత్రం చెబుతున్నాను.

ఆసుపత్రిలో రోగిని చేర్చి బయట పడుకునే బంధువులు కొందరు ఉంటారు, వారు నాలుగు రోజుల్లో వెళ్లిపోతారు కాబట్టి లెక్కలో విడిగా రాయండి. మిగిలేది ఇద్దరు ముగ్గురు ముసలివారు, తమలో తాము మాట్లాడుకుంటూ తిరిగే ఒకరిద్దరు. సంఖ్యలో తక్కువైనా, ఆడవాళ్లు నడక మానేయడానికి ఎక్కువగా కారణమయ్యేది వీరిలో ఒకరి కేకలే. నిజానికి చట్టం అన్నిటికంటే స్పష్టంగా దారి చూపించింది కూడా వీరికే, ఆ సంగతికి మళ్లీ వస్తాను.

మీ అబ్బాయి చెప్పిన తీర్పు ఉన్న మాటే. అది ఆరెగాన్ రాష్ట్రంలోని గ్రాంట్స్ పాస్ అనే చిన్న ఊరి కేసు. పార్కుల్లో పడుకున్నవారికి 295 డాలర్ల నుంచి జరిమానాలు వేయడం, మళ్లీ కనిపిస్తే నిషేధించి జైలు దాకా తీసుకెళ్లడం అక్కడి పద్ధతి. అలా చేయడం క్రూరమైన శిక్ష కిందకు రాదని 2024 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో చెప్పింది. అంటే శిక్షించవచ్చా అన్న ప్రశ్నకు జవాబిచ్చింది, వారు ఎక్కడికి వెళ్లాలన్నది ఆ కోర్టు ముందున్న ప్రశ్నే కాదు. ఆ ఏడాది జనవరిలో ఒక్క రాత్రి లెక్కలో ఆ దేశంలో 7,71,480 మంది ఇల్లు లేనివారు తేలారు. అదే దేశంలో హ్యూస్టన్ నగరం 2011 నుంచి అద్దె ఇళ్లు చూపిస్తూ వీధిలో ఉన్నవారి సంఖ్యను సగానికి పైగా తగ్గించింది. మీ అబ్బాయిని ఆ ఊరి సంగతి కూడా చదవమనండి.

మన దగ్గర కథ 1985 నుంచి వేరే దారిలో నడుస్తున్నది. బొంబాయి పేవ్‌మెంట్లపై ఉన్నవారి గురించి ఓల్గా టెల్లిస్ కేసులో మన సుప్రీంకోర్టు, బతుకుతెరువు కూడా 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. అయితే ఈ తీర్పును సగమే చెప్పేవారు రెండు పక్షాల్లోనూ ఉన్నారు. పేవ్‌మెంటు మీద ఉండిపోయే హక్కు ఎవరికీ లేదని కూడా అదే తీర్పు చెప్పింది, తొలగించే ముందు నోటీసు ఇవ్వాలన్నది, వానాకాలం గడిచేదాకా, అంటే ఆ ఏడాది అక్టోబరు 31 దాకా, కదిలించవద్దన్నది. 2023 జులైలో మన నగరంలో కాలనీలు మునిగిన రోజులు గుర్తున్నవారికి ఆ వానాకాలపు షరతు ఎందుకు పెట్టారో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. కాబట్టి 'చట్టం ఒప్పుకోదు' అని మీకెవరైనా అధికారి చెబితే అది పూర్తి నిజం కాదు, చట్టం వరస అడుగుతుంది, ముందు నోటీసు, ఆ తర్వాతే ఖాళీ. 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం కింద పట్టుకుపొమ్మని కొందరు సలహా ఇస్తారు. ఢిల్లీలో అమలైన బొంబాయి చట్టంలోని అలాంటి సెక్షన్లనే చెల్లవని అక్కడి హైకోర్టు 2018లో కొట్టేసింది. అది అలా ఉంచినా, మూటలు మోసేవాడిపై ఆ చట్టం ఎలా పనిచేస్తుందో నాకైతే అర్థం కాదు.

ఇక చోటు సంగతి. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2010లో నిరాశ్రయుల వసతి గురించి ఆదేశాలిచ్చింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్, లక్ష జనాభాకు కనీసం వంద మందికి సరిపడే శాశ్వత వసతి ఉండాలని, అది ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలని, మనిషికి కనీసం 50 చదరపు అడుగులు రావాలని, రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్ల దగ్గరే కట్టాలని మార్గదర్శకాల్లో రాసింది. మన నగర జనాభా 2011 నాటికే ఏడు లక్షలు దాటింది, అంటే ఏడు వందల మందికి తగ్గకుండా చోటుండాలి. నిధులున్నా వసతి గృహాలు ఎందుకు లేవో తేల్చడానికి 2016 నవంబరులో సుప్రీంకోర్టు జస్టిస్ కైలాశ్ గంభీర్ అధ్యక్షతన ఒక కమిటీనే వేయవలసి వచ్చింది. కనుక మీరు ముందుగా చేయవలసిన చిన్న పని, సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు పెట్టి, నగరంలో నిరాశ్రయుల వసతి గృహాలు ఎన్ని, ఎక్కడెక్కడ, ఒక్కోదానిలో ఎన్ని పడకలు, గత నెలలో ఏ రాత్రి ఎంతమంది పడుకున్నారు అని అడగడం. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. చివరి ప్రశ్న మరవకండి, ఎందుకంటే పడకలు ఖాళీగా ఉండి పార్కు నిండి ఉంటే లోపం వేరే చోట ఉన్నట్టు.

ఆ లోపాలు నేను కళ్లారా చూసినవే. మార్కెట్‌కు నాలుగు కిలోమీటర్ల దూరంలో, ఏదో పాత భవనం ఖాళీగా ఉందని అక్కడ వసతి గృహం పెడతారు. తెల్లవారుజామున లారీ దిగే హమాలీకి ఆ వేళ ఆటో దొరకదు, దొరికితే కూలిలో వంతు దానికే పోతుంది. భార్యను ఒక గృహంలో, భర్తను ఇంకో గృహంలో పడుకోమంటారు, దానికంటే బరకమే నయమని కుటుంబం అనుకుంటుంది. సామాను లోపలికి తేవద్దంటారు. మంచాల్లో నల్లులు. వినడానికి ఇవి చిన్న విషయాలే, కానీ 'చోటిచ్చినా పోరు, వీళ్లకు అలవాటైపోయింది' అని విసుక్కునేవారు ఒక్క రాత్రి ఆ మంచం మీద పడుకొని రావాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

పార్కు గురించి రెండు మాటలు. తాళం వేయమని, గోడ ఎత్తు పెంచమని, బల్లల మధ్య ఇనుప కమ్మీలు బిగించమని మీ సంఘంలో ఎవరో ఒకరు తప్పక అంటారు. గోడ పెరిగితే లోపల ఏం జరుగుతున్నదో వీధికి కనబడదు, నడకకు వచ్చిన ఆడవాళ్లకు భయం ఇంకా పెరుగుతుంది. కమ్మీలు బిగించిన బల్ల మీద నడుము నొప్పి ఉన్న మీ పెద్దాయన కూడా సరిగ్గా కూర్చోలేడు. దానికంటే చేయదగ్గది, రాత్రిపూట మరుగుదొడ్డికి తాళం తీయించడం. ప్రహరీ వెంబడి మీరు చెప్పిన వాసనకు సగం కారణం, పార్కు మరుగుదొడ్డి రాత్రి ఎనిమిదింటికి మూసేయడమే అయి ఉంటుంది, చూసుకోండి. నడక బాట పొడవునా దీపాలు వెలగాలి, పొద్దున ఐదు నుంచి ఎనిమిది వరకు బాట మీద, ఊయలల దగ్గర ఎవరూ సామాను పెట్టకూడదన్న ఒప్పందం కుదరాలి. లెక్కకు వెళ్లిన రాత్రే అక్కడి పెద్ద మనిషి ఎవరో తెలుస్తుంది, ఆయనతో నేరుగా మాట్లాడితే ఇలాంటి ఒప్పందం కుదరడం నేను రెండుచోట్ల చూశాను. అది శాశ్వతం కాదు, మీ ఆడవాళ్లు వచ్చే వారం నుంచి నడవడానికి సరిపోతుంది.

ఎవరికి రాయాలన్న ప్రశ్నకు వస్తే, ఒకే ఫిర్యాదు అందరికీ పంపకండి. మతిస్థిమితం లేక తిరిగే మనిషి గురించి పోలీసు స్టేషనుకు రాసి, అందులో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ అని పేర్కొనండి. అలాంటివారిని రక్షణలోకి తీసుకొని ఇరవైనాలుగు గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి చేర్చడం, తప్పిపోయిన వ్యక్తిగా కేసు నమోదు చేసి కుటుంబాన్ని వెతకడం స్టేషను అధికారి బాధ్యత, లాకప్పులో పెట్టడానికి వీల్లేదు. పిల్లలు వదిలేసిన తల్లిదండ్రుల విషయం 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో ముందు ఉండే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి, పెద్దల హెల్ప్‌లైన్ 14567. ఒంటరిగా ఉన్న పిల్లలు కనిపిస్తే 1098, ఆపదలో ఉన్న మహిళ అయితే 181. సీసాల కుర్రాళ్ల గురించి, గంజాయి అనుమానం ఉంటే దాని గురించి, తేదీ, సమయం, బండి నంబరుతో పోలీసులకు వేరే కాగితం రాయండి, పడుకున్నవారి కాగితంలో దాన్ని కలపకండి. కూలీలకు, సంచార కుటుంబాలకు చోటు చూపించమని మీ లెక్క జతచేసి నగరపాలక సంస్థ కమిషనరుకు, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ అయిన మెప్మావారికి, సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఇవ్వండి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: 2021లో జిల్లాల పేర్లు, హద్దులు మారిన తర్వాత నగరం ఒకటే అయినా కలెక్టర్లు ఇద్దరు, కాజీపేట జంక్షన్ హనుమకొండ జిల్లాలో ఉంటే వరంగల్ స్టేషన్ వరంగల్ జిల్లాలో ఉంది. మీ పార్కు ఒక జిల్లాలో, కూలీలు కోరే చోటు ఇంకో జిల్లాలో పడవచ్చు, అప్పుడు ఇద్దరికీ ఇవ్వకపోతే కాగితం మధ్యలో ఆగుతుంది. రెండు నెలలకూ కదలిక లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను కలవండి, 15100కు ఫోను చేసినా దారి చెబుతారు.

శనివారం అన్నం పొట్లాల గురించి అడిగారు. ఆపించకండి, ఆపినా ఒక్కరు కూడా పార్కు వదిలి వెళ్లరు. వారానికొక పొట్లం కోసం ఎవరూ ఒక చోట ఏడాదిపాటు పడుకోరు, నీళ్లు, దీపం, పని దగ్గరగా ఉండటం చూసుకొని పడుకుంటారు. పంచేవారితో మాట్లాడి, తిన్న విస్తళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు తామే ఎత్తుకెళ్లాలని, గేటు ముందు కాకుండా వీలైతే అడ్డా దగ్గర పంచాలని అడగండి, సాధారణంగా ఒప్పుకుంటారు. ఇంకొకటి కూడా అడిగి చూడండి. వారికి బండి ఉంటుంది, మిగతా వారమంతా ఖాళీగానే ఉంటుంది. వారం మధ్యలో ఒక పూట ఆ బండి ఇస్తే, మీ లెక్కలో తేలిన కార్డులు లేని ముసలివారిని ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి సాయంత్రానికి వెనక్కి తీసుకురావచ్చు. నా ఉద్యోగం మొత్తంలో కాగితాలు, సంతకాలు, చివరికి అధికారులు కూడా ఎలాగో దొరికేవారు కానీ, ఆ పనికి బండి మాత్రం అడిగిన రోజు ఎప్పుడూ దొరికేది కాదు.